ఫైటింగ్ చేసే అమ్మాయిల బొమ్మల సినిమాలు: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

"బొమ్మల సినిమానే కదా, పిలకాయలదే" అని రిమోట్ వాళ్ల చేతికిచ్చి వంటింట్లోకి పోయేవాళ్లకు ముందుగా ఒక హెచ్చరిక. నెట్‌ఫ్లిక్స్‌లో 'బ్లూ ఐ సామురాయ్' అని ఒక సిరీస్ ఉంది. బొమ్మలు కళ్లు తిప్పుకోనివ్వవు. నీలి కళ్ల మనిషి కత్తి పట్టుకుని మంచులో నడిచొస్తుంటుంది. లోపలికి పోతే తెగిపడే చేతులు, బట్టల్లేని సీన్లు, వేశ్యల ఇళ్లు. పెద్దవాళ్ల కోసమే తీసిన సిరీస్ అది. ఏడెనిమిదేళ్ల పిల్ల చూడదగిన 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' ఫోటో కూడా అదే వరసలో, అంతే సైజులో కనిపిస్తుంది. ఫోటో చూసి తేడా కనుక్కోలేం. మూలన ఉండే వయసు గుర్తు చూడాల్సిందే.

మే నెలలో తిరుపతి ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున పది దాటితే పిలకాయల్ని బయటికి పంపలేం, సాయంత్రం కరాటే క్లాసు దాకా టీవీయే దిక్కు. అందుకే సెలవులొస్తే చాలు, "ఆడపిల్లే హీరోగా ఉండే మంచి ఫైటింగ్ కార్టూన్ చెప్పు" అని చుట్టాలు, పక్కింటివాళ్లు అడుగుతుంటారు. అడిగినవాళ్లకు నేను ముందు ఒక ప్రశ్న వేస్తా: అమ్మాయి తన్నడం చూడాలా, అమ్మాయి కథ చూడాలా? ఈ రెండూ ఒకటి కావు.

గట్టి ఆడపిల్ల అని చూపించడానికి సినిమావాళ్లకు సులువైన దారి ఒకటుంది. వచ్చీరాగానే ఆమె చేత నలుగురిని తన్నించేస్తారు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఆమె పని హీరో పక్కన నిలబడటమే. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' (2010)లో ఆస్ట్రిడ్ గొడ్డలి తిప్పితే ఊళ్లో కుర్రాళ్లెవరూ నిలవరు, అయినా కథ హికప్‌ది. 'కుంగ్ ఫూ పాండా' (2008)లో టైగ్రెస్ చిన్నప్పటి నుంచి సాధన చేస్తూనే ఉంటుంది, 'డ్రాగన్ వారియర్' పట్టం మాత్రం నూడుల్స్ అంగడి పో కి పోతుంది. రెండూ మంచి సినిమాలే, మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. మీరు వెతికేది అమ్మాయి కథ అయితే మాత్రం ఇవి కావు.

అవి తీసేశాక మిగిలినవాటిని నేను ఒకే గీటురాయి మీద గీసి చూస్తా. శత్రువు కాళ్ల ముందు పడిపోయాడు, ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది. అప్పుడేం చేస్తుంది?

ఇది సినిమాలు చూసి నేర్చుకున్న ప్రశ్న కాదు. తిరుపతిలో పుట్టినవాళ్లకు తాతయ్యగుంట గంగమ్మ కథ చిన్నప్పుడే చెవిన పడుతుంది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మ రోజుకో వేషం కట్టిందని, భయపడి దాక్కున్నవాణ్ణి దొర వేషంలో పోయి బయటికి రప్పించి తల నరికిందని చెప్పుకుంటాం. జాతరలో అందరూ దొర వేషం కోసం ఎగబడతారు. నాకు మాత్రం ఆ తర్వాత వచ్చే మాతంగి వేషం ముఖ్యం. వాణ్ణి చంపిన అమ్మే, మాతంగిగా పోయి వాడి ఇంటి ఆడవాళ్లను ఓదారుస్తుంది. చంపడంతో కథ ఆగిపోలేదు చూడండి. మంచి యాక్షన్ కథకు ఈ రెండో సగం ఉండాలి. లేదంటే అది ఉత్త పోట్లాట.

చిన్నపిల్లలకు: ఆరు నుంచి తొమ్మిదేళ్ల దాకా

ఈ వయసుకు అందరూ మొదట 'బ్రేవ్' (2012) పెడతారు. పిక్సార్ తీసిన సినిమాల్లో అమ్మాయిని ప్రధాన పాత్రగా పెట్టిన మొదటిది, ఆస్కార్ కూడా వచ్చింది. ఎర్ర జుట్టు మెరిడా బాణం మీద బాణం వేసి, ముందు గుచ్చుకున్న బాణాన్ని రెండుగా చీల్చే సీన్ ఉంది, అది ఎన్నిసార్లయినా చూడొచ్చు. అంతటితో యాక్షన్ దాదాపు అయిపోయినట్టే. తర్వాతదంతా తల్లీకూతుళ్ల కథ. తల్లి ఎలుగుబంటిగా మారిపోవడం, కూతురు దారికి రావడం. పెద్ద ఎలుగుబంటితో చివరి పోరాటం కూడా తల్లిదే. కూతురితో కలిసి చూసే అమ్మలకైతే ఇదే పెట్టమంటా. ఫైటింగ్ కావాలని కూర్చున్న పిల్లలకు వద్దు.

దానికన్నా 'ఇన్‌క్రెడిబుల్స్ 2' (2018) మేలు. తండ్రి ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంటే తల్లి హెలెన్ ఉద్యోగానికి పోయి, అదుపు తప్పిన రైలు వెంట బైకు మీద పడి దాన్ని ఆపుతుంది. ఆ ఛేజ్ చూస్తుంటే పెద్దవాళ్లం మేమే కుర్చీ అంచుకు వచ్చేశాం. నా గీటురాయి మీద కూడా ఇది నిలుస్తుంది. అంత మోసం చేసిన విలన్ విమానంలోంచి జారిపడుతుంటే హెలెన్ వెంటపడి పట్టుకుని ప్రాణం కాపాడుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇందులో వెలుతురు గబగబా ఆరుతూ వెలుగుతూ ఉండే సీన్లున్నాయి. మూర్ఛ ఉన్నవాళ్లకు ఇబ్బంది కావొచ్చని సినిమా వచ్చినప్పుడు థియేటర్ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టారు. ఇంట్లో పిల్లలకు ఫిట్స్ వచ్చే అలవాటు ఉంటే ఈ సినిమా మానుకోండి.

'మోవానా' (2016) ఈ వయసుకు బాగుంటుంది. సముద్రం మీద పడవ, పాటలు. కత్తులూ కొట్లాటలూ తక్కువ. చివర్లో మోవానా నిప్పులు కక్కే రాక్షసికి ఎదురుపోయి చేసే పని మాత్రం నేను చెప్పిన పరీక్షకు నూటికి నూరు మార్కుల జవాబు. చూడనివాళ్లుంటే చెడగొట్టడం ఎందుకని ఇక్కడితో ఆపుతున్నా. తెలుగు మాటలతోనే చూడాలనే ఇళ్లకు 'ఫ్రోజెన్ 2' (2019) ఉంది. ఎల్సాకు నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార గొంతిచ్చారు. రాత్రివేళ సముద్రపు అలల మీద పరుగెత్తి నీటి గుర్రాన్ని లొంగదీసే సీన్ ఒక్కటి చాలు.

ఇక 'మూలాన్' (1998). నా లెక్కలో ఈ వయసుకు ఇదే ఫస్టు. నడవలేని తండ్రికి యుద్ధానికి రమ్మని పిలుపొస్తే, కూతురు జుట్టు కోసుకుని, మగ వేషం కట్టి, ఆయన కత్తి తీసుకుని పోతుంది. చైనాలో ఎంతో కాలంగా పాడుకునే కథ అది. బలం మీద కాక బుర్ర మీద గెలుస్తుంది కాబట్టి నాకిష్టం. చేతులకు బరువులు కట్టుకుని నిటారు స్తంభం ఎక్కి బాణం తెమ్మంటే మొనగాళ్లంతా జారిపడతారు. ఆమె ఆ బరువుల్నే స్తంభం చుట్టూ పెనవేసి, వాటినే పట్టుగా చేసుకుని పైకి పాకుతుంది. మంచు కొండల్లో హూణుల సేన ముంచుకొస్తుంటే, మిగిలిన ఒక్క తారాజువ్వనూ మనుషుల మీదికి కాకుండా కొండ మీదికి వదిలి మంచుచరియ కూలుస్తుంది. చివర్లో చేతిలో విసనకర్రతో శత్రువు కత్తి లాగేసుకుంటుంది.

మా అవ్వకు బొమ్మల సినిమాలంటే పడదు. దీన్ని మాత్రం చివరిదాకా చూసింది, అదీ ఒక సీన్ వల్ల. రాజభవనంలోకి చొరబడటానికి ఆ మోటు సైనికులు ముగ్గురూ ఆడవేషం కడతారు. "మన జాతరలో మాదిరే ఉందే" అని ఒకటే నవ్వు. నిజమే, మొక్కుకుని చీర కట్టుకుని, జడ వేసుకుని గంగమ్మ గుడికి పోయే మగవాళ్లను ఏటా చూసే ఊరు మనది. ఆ సీన్ వేరేచోట ఉత్త కామెడీ అనిపిస్తుందేమో, తిరుపతిలో దానికి ఇంకో అర్థం ఉంది. వెతికేటప్పుడు ఒక్కటి చూసుకోండి: 2020లో అదే పేరుతో మనుషులు నటించిన సినిమా వచ్చింది, బొమ్మలది కాదు. అందులో పాటలు లేవు, బొమ్మల సినిమాలో నవ్వించే చిన్న డ్రాగన్ మూషూ లేదు.

పది దాటిన పిల్లలకు

ఇక్కడ పోటీ మూడింటి మధ్య. సెలవులన్నీ సరిపోయే పెద్ద సిరీస్ కావాలా, ఒక మధ్యాహ్నంలో అయిపోయే సినిమా కావాలా అని ముందు తేల్చుకోండి.

సినిమా చాలనుకుంటే 'రాయా అండ్ ద లాస్ట్ డ్రాగన్' (2021), 'కె-పాప్ డీమన్ హంటర్స్' (2025) ఉన్నాయి. పోట్లాటలో రాయాదే పైచేయి. ఆగ్నేయాసియా దేశాల నిజమైన యుద్ధవిద్యలు చూసి కట్టిన ఫైట్లవి. ఇండోనేషియా సిలాట్, ఫిలిప్పీన్స్ కర్రసాము, థాయ్‌లాండ్ ముయే థాయ్ అన్నీ కనబడతాయి. రాయా చేతి కత్తి సాగి కొరడాలా మారుతుంది. ఎదుట నిలబడే నమారి కూడా అమ్మాయే, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. చివర్లో రాయా కత్తి దూసి నమారి మీదికి పోయి, ఆ తర్వాత చేసే పని కోసమే ఈ సినిమా చూడాలి. చెయ్యెత్తిన మనిషి ఆగడం అంటే ఏమిటో అంత స్పష్టంగా పిల్లలకు చూపించినవి తక్కువ. లోపం ఏమంటే "నమ్మాలి, నమ్మాలి" అని మాటల్లో కూడా పదిసార్లు చెబుతారు. చూపించారు కదా, ఇంకా చెప్పడమెందుకు?

'కె-పాప్ డీమన్ హంటర్స్' పాటల కోసం చూసేది. స్టేజి మీద పాటలు పాడే రూమి, మీరా, జోయి రాత్రిళ్లు దెయ్యాల్ని నరుకుతుంటారు. రక్తం లేదు, నరికితే పొగలా మాయమవుతాయి. అందుకే చిన్నవాళ్లకూ చూపించొచ్చు. హీరోయిన్లు కడుపునిండా తినడం, పోటీపడి వెకిలి వేషాలెయ్యడం నాకు బలే నచ్చింది. అందంగా కనబడటమే వాళ్ల పని కాదు. ఒక్కచోటే అసంతృప్తి. దెయ్యాలకూ బాధ ఉంటుందని కథే మనకు చూపిస్తుంది, మళ్లీ కొసకు వచ్చేసరికి గుంపులు గుంపులుగా నరికేసి ముందుకు పోతుంది. ఆ ముడి విప్పకుండా పాటతో కప్పేశారు. పాట బాగుంది కాబట్టి ఆ టైములో ఎవరూ అడగరు, మా అక్క కూతురు తప్ప.

సిరీస్ అయితే రెండో మాట లేదు, 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'. 2005 నుంచి 2008 దాకా మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై మూడు నిమిషాల లోపు. టైటిల్‌లో ఉన్న హీరో అబ్బాయే, ఆంగ్. మరి నేను చెప్పిన రూలుకు విరుద్ధం కదా అంటారేమో. కాదు. ఇందులో ఆడపిల్లలు ముగ్గురున్నారు, ముగ్గురికీ సొంత కథలున్నాయి.

కటారా నీళ్లను ఆడించే పిల్ల. ఉత్తరాన ఉన్న గురువు ఆడపిల్లకు విద్య నేర్పను పొమ్మంటే, ఆయన్నే పోటీకి పిలుస్తుంది. ఓడిపోతుంది కూడా, ఓడినా తగ్గదు. టాఫ్ పుట్టుగుడ్డి. నేలకు తగిలే ప్రతి అదురునూ అరికాళ్లతో పసిగట్టి, ఎదుటివాడు అడుగు వెయ్యకముందే పడేస్తుంది. ఇనప పెట్టెలో బంధిస్తే ఆ ఇనుములోనూ మట్టి ఉందని కనిపెట్టి, అంతవరకూ ఎవరూ చెయ్యని విద్య అక్కడికక్కడే పుట్టిస్తుంది. మూడోది అజూలా. పద్నాలుగేళ్లకే నీలి మంట పుట్టించే రాజకుమారి, పక్కా విలన్. ఈ సిరీస్‌లో నీరు, నేల, నిప్పు, గాలి అనే నాలుగు రకాల విద్యలకు నాలుగు చైనా యుద్ధ పద్ధతులు పెట్టారు. నీటికి తాయ్ చీ, నేలకు హుంగ్ గార్ ఇలా. టాఫ్ ఒక్కదానికి మళ్లీ వేరే పద్ధతి. కరాటే నేర్చుకునే పిల్లలు కాళ్ల భంగిమలు చూసే పసిగట్టేస్తారు.

మూడో సీజన్లో 'ద సదరన్ రెయిడర్స్' అనే ఎపిసోడ్ ఉంది. తల్లిని చంపినవాడు కటారాకు దొరుకుతాడు. వాన కురుస్తుంటుంది. ఆమె చెయ్యెత్తగానే చినుకులన్నీ గాల్లో ఆగిపోయి, మంచు ముక్కలై వాడి మీదికి దూసుకుపోయి, గొంతు ముందు నిలబడిపోతాయి. చంపదు. అట్లని క్షమించేశానని పెద్ద మాటలూ చెప్పదు, క్షమించలేదనే చెబుతుంది. దాన్ని చూసి మా అక్క కూతురు, "పిన్నమ్మా, చంపలేదు, క్షమించలేదు. మరి గెలిచినట్టా ఓడినట్టా?" అని అడిగింది. దానిమీద రాత్రి అన్నాలు తినేదాకా వాదన. పిల్లల చేత అంత మాట్లాడించిన కార్టూన్ ఇంకొకటి నాకు దొరకలేదు. ఆఖరి పోరాటంలో అజూలాను గొలుసులతో కట్టేశాక కూడా ఎవరూ కేకలు పెట్టి పండగ చేసుకోరు. మతి చెదిరి ఏడుస్తున్న ఆ పిల్లను చూస్తూ నిలబడిపోతారు.

మొదటి సీజన్ సగం దాకా కాస్త చిన్నపిల్లల ధోరణిలో ఉంటుంది, ఓపిక పట్టాలి. టాఫ్ రెండో సీజన్లో గానీ రాదు. ఇక్కడా పేరుతోనే చిక్కుంది. 2024లో నెట్‌ఫ్లిక్స్ మనుషులతో తీసిన సిరీస్‌కూ ఇదే పేరు. నీలి రంగు మనుషుల 'అవతార్' సినిమా అయితే పూర్తిగా వేరే కథ.

'షీ-రా అండ్ ద ప్రిన్సెసెస్ ఆఫ్ పవర్' (2018-2020) కూడా ఈ వయసుదే. అడోరా, కాట్రా అనే ఇద్దరు స్నేహితురాళ్లు శత్రువులయ్యే కథ నడిచేకొద్దీ బలపడుతుంది. అవతార్ అయిపోయాక చూడండి, ముందు కాదు.

భాష సంగతి ఒకటుంది. ఏ సినిమా అయినా మొదలుపెట్టే ముందు ఆడియో లిస్టు తెరిచి చూసుకోండి. తెలుగు ఉంటే సరే. లేకపోతే తమిళం ఉందేమో చూడండి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అదొక సౌకర్యం మనకు. పుత్తూరు, నగరి వైపు ఇళ్లలో అవ్వాతాతలకు ఇంగ్లీషు కన్నా తమిళమే హాయి.

టీనేజి వాళ్లకు

పదమూడు దాటితే 'ప్రిన్సెస్ మోనోనోకే' (1997) చూపించండి. అంతకన్నా ముందు వద్దు. బాణం దెబ్బకు చేతులు, తలలు తెగిపోతాయి. జపాన్ దర్శకుడు మియజాకి సినిమాలు ముద్దుగా ఉంటాయని విని పెట్టేస్తే పిల్లలు జడుసుకుంటారు. తోడేళ్లు పెంచిన సాన్ అడవి పక్షం. ఎబోషీ ఇనప కొలిమి ఊరికి పెద్ద. అడవి నరికి ఇనుము తీస్తుంది. వినగానే ఎబోషీ విలన్ అనిపిస్తుంది. కానీ వేశ్యల ఇళ్ల నుంచి విడిపించిన ఆడవాళ్లకు పనిచ్చింది ఆమే, కుష్ఠు రోగులకు చోటిచ్చి దగ్గరుండి సేవ చేసింది ఆమే. ఆ కొలిమి తిత్తులు తొక్కేదంతా ఆడవాళ్లే. ఇద్దరు ఆడవాళ్లు కత్తులు దూసుకుని ఒకరి మీదికొకరు దూకుతుంటే ఎవరు గెలవాలని కోరుకోవాలో తెలియదు.

ఈ కథ మనవాళ్లకు వేరేగా తగులుతుంది. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు చెరుకు తోటలో పడ్డ రాత్రి రైతు మాట వినండి. అలిపిరి మెట్ల దారిలో చిరుత కనబడిన రోజు భక్తుల మాట, అటవీశాఖ వాళ్ల మాట వినండి. తప్పు అని ఒక్కరి మాటనూ తీసిపారెయ్యలేం. సినిమా కూడా తీర్పు చెప్పదు. సాన్ మనుషుల్ని క్షమించలేనని అడవిలోనే ఉండిపోతుంది.

ఇంకొంచెం మెత్తగా కావాలంటే అదే దర్శకుడి 'నౌసికా' (1984). తండ్రిని చంపిన సైనికుల్ని ఆవేశంలో కొట్టి చంపేసి, ఆ తర్వాత తన చేతుల్ని చూసి తానే భయపడే అమ్మాయి కథ. పన్నెండేళ్లకే చూపించొచ్చు.

అవతార్ నచ్చినవాళ్లు ఎటూ దాని కొనసాగింపు 'ద లెజెండ్ ఆఫ్ కోరా' (2012-2014) అడుగుతారు. 52 ఎపిసోడ్లు. రెండో సీజన్ నీరసం, భరించండి. మూడో సీజన్ చివర విషప్రయోగంతో కోరా మంచాన పడుతుంది, నాలుగోదంతా ఆమె మళ్లీ లేచి నిలబడే కథ. ఒంటికి తగిలిన దెబ్బ మానినా మనసుకు తగిలింది మానక, తన రూపమే తనను వెంటాడుతున్నట్టు కనిపించడం, ఇవన్నీ తొందరపడకుండా చూపించారు. టెన్త్, ఇంటర్ చదువుతూ ఒక దెబ్బ తిన్న పిల్లలుంటే వాళ్లకు ఇదే పెట్టండి.

పిలకాయలు పడుకున్నాక

మీకోసమైతే రెండే. 'ఆర్కేన్' (2021, 2024), 'బ్లూ ఐ సామురాయ్' (2023). రెండూ నెట్‌ఫ్లిక్స్‌వే, రెండింటికీ ఎమ్మీ అవార్డు వచ్చింది. రెండూ ఫ్రాన్స్ స్టూడియోల్లో గీసినవే కావడం ఒక వింత.

కత్తి పనితనంలో 'బ్లూ ఐ సామురాయ్'కు సాటి లేదు. పదిహేడో శతాబ్దపు జపాన్. తెల్లవాడికి పుట్టిన మీజు మగ వేషంలో తిరుగుతూ, తన పుట్టుకకు కారణం కాగల నలుగురు తెల్లవాళ్లను వెతికి చంపాలని తిరుగుతుంటుంది. మూలాన్ కట్టిన వేషమే ఇదీ, తండ్రి కోసం కాదు, తండ్రిని చంపడానికి. ఎనిమిదే ఎపిసోడ్లు. జపాన్ బొమ్మలాటతో కలిపి అల్లిన అయిదో ఎపిసోడ్ కోసమైనా చూడాలి. కానీ పగ తప్ప ఇంకో ఆలోచన లేని మనిషి మీజు. ఎంతమంది పడ్డా ఆమె వెనక్కి తిరిగి చూడదు. కథకులు కావాలనే అట్లా రాశారు, ఆమె పోగొట్టుకునేదంతా మనకు చూపిస్తారు. అయినా నాకు ఊపిరాడలేదు.

అందుకే నా ఓటు ఆర్కేన్‌కు. తొమ్మిదేసి ఎపిసోడ్ల రెండు సీజన్లు. వీడియో గేమ్ నుంచి పుట్టిందే అయినా ఆ గేమ్ ముఖం కూడా చూడని నాకు ఎక్కడా అడ్డు తగల్లేదు. వై, పౌడర్ అక్కాచెల్లెళ్లు. అక్కది పిడికిలి, చెల్లెలిది బాంబు. ఇందులో దెబ్బ తర్వాత ఏమవుతుందన్నదే అసలు కథ. ఒక్క రాత్రి ఒక్క చిన్నపిల్ల మంచి చేద్దామని చేసిన పని ఇద్దరి జీవితాల్నీ ఊరినీ ఎటు లాక్కుపోయిందో పద్దెనిమిది ఎపిసోడ్లూ చెబుతాయి. రెండో సీజన్ పరుగు పెడుతుంది, మధ్యలో తప్పిపోయినట్టు అనిపిస్తే మీ తప్పు కాదు. మొదటి మూడు ఎపిసోడ్లూ ఒకే కూర్పు, ఒకే రాత్రి చూసెయ్యండి. మూడోది అయ్యాక కూడా మనసుకు పట్టకపోతే ఆపేసి మీజు దగ్గరికి పోండి.